మొదటి రాత్రి కూడా దాటలేకపోతున్నాను: చెక్క పనిముట్ల దగ్గరే ఆగిపోయాను

రాత్రిబస్సు
శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి టపా. నా వయసు 43. ఇంతకుముందు ఆడిన వీడియో గేమ్ ఏదంటే, పాత ఫోనులో పాము ఆట. మా అమ్మాయి ఈ సెలవుల్లో మైన్‌క్రాఫ్ట్‌లో (దిమ్మెలు తవ్వి కట్టుకుంటూ, రాత్రి వచ్చే రాక్షసుల నుంచి బతకాల్సిన ఆట) ఒక ఊరే కట్టింది. నన్ను కూడా రానివ్వమంటే షరతు పెట్టింది: "ముందు నీ సొంత లోకంలో మూడు రాత్రులు బతికి చూపించు నాన్నా, అప్పుడు చూద్దాం." సాయం చెయ్యదట. పక్కన కూర్చుని నవ్వుతుందట.

ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ మొదటి రాత్రే పోయాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఆడుతున్నాను. అమ్మాయిది ట్యాబ్ కాబట్టి, కలిసి ఆడాలంటే బెడ్‌రాక్ ఎడిషనే ఉండాలని అదే కొనిపించింది.

నా కష్టాలు ఇవి. రాయిని చేత్తో కొడితే చాలాసేపటికి పగిలింది, కానీ చేతికి ఏమీ రాలేదు. చెట్టు కొట్టి దుంగలు తెచ్చాను, పలకలు చేశాను. కర్రలు చేద్దామని రెండు పలకలు పక్కపక్కన పెడితే నేలమీద పరిచే పీటలాంటిది ఒకటి వచ్చింది. ఒక్క పలక పెట్టి చూస్తే బటన్ వచ్చింది! గొడ్డలికి ఐదు వస్తువులు కావాలని ఎక్కడో చదివాను, నాకు కనిపించేవి నాలుగు గళ్ళే. తయారీ పద్ధతులు చూపించే పుస్తకం పక్కనే ఉంది. అది తెరిస్తే మా అమ్మాయి లెక్కలో కాపీ కొట్టినట్టే.

కాస్త దారి చూపించండి.


దుంగలదొర
శనివారం, రాత్రి 10:40

స్వాగతం రాత్రిబస్సు గారూ. బటన్ నుంచి మొదలుపెట్టిన వాళ్ళలో మీరు మొదటివారు కాదు, నేనూ అక్కడి నుంచే వచ్చాను. ఆ పీటలాంటిది ప్రెషర్ ప్లేట్, తొక్కితే తలుపు తెరుచుకుంటుంది. దాచుకోండి, పనికొస్తుంది.

పుస్తకం తెరవనవసరం లేదు. అది 2017 ప్రాంతంలో వచ్చింది. నేను 2011లో మొదలుపెట్టినప్పుడు లెక్కల నోట్‌బుక్కు వెనక పేజీల్లో గళ్ళు గీసుకుని గుర్తుపెట్టుకునేవాళ్ళం. ఒక్క కిటుకు తెలిస్తే ఆ గళ్ళు కూడా అక్కర్లేదు: ఈ ఆటలో తయారీ అంటే వస్తువులు కలపడం కాదు, బొమ్మ వెయ్యడం. పనిముట్టు ఎలా ఉంటుందో గళ్ళలో అలాగే పేర్చండి.

కర్ర నిలువుగా ఉంటుంది కదా, అందుకే రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టాలి. నాలుగు కర్రలు వస్తాయి. మీరు అడ్డంగా పెట్టారు, ఆట మీకు అడ్డంగా ఉండే వస్తువు ఇచ్చింది. తప్పు దానిది కాదు.

ఇప్పుడు నాలుగు గళ్ళ సంగతి. మీ సంచిలో కనిపించేది రెండుకు రెండు. పనిముట్లన్నీ మూడు గళ్ళ ఎత్తు ఉంటాయి, కత్తి కూడా. కాబట్టి అక్కడ ఏదీ పట్టదు. ఆ నాలుగు గళ్ళలోనూ నాలుగు పలకలు నింపండి, క్రాఫ్టింగ్ టేబుల్ వస్తుంది. దాన్ని నేలమీద పెట్టి తెరిస్తే మూడుకు మూడు, తొమ్మిది గళ్ళు.

రాయి తవ్వే పికాక్స్‌కు పై వరుస నిండా మూడు పలకలు, మధ్య నిలువులో కింద రెండు కర్రలు. చూడగానే పికాక్స్‌లాగే ఉంటుంది. మట్టి తవ్వే షవల్‌కు పైన ఒకే పలక, కింద రెండు కర్రలు. కత్తికి పైన రెండు పలకలు, కింద ఒక కర్ర, అంటే పిడి. గొడ్డలికి అవే రెండు కర్రలు మధ్యలో, తల మాత్రం ఒక మూలకు ఒరిగి మూడు పలకలు: పైన రెండు, పక్కన ఒకటి. ఎడమకు ఒరిగినా కుడికి ఒరిగినా పరవాలేదు. ఆ మూడింటిలో పక్కది తీసేస్తే మిగిలేది హో, అంటే కలుపు తీసే పనిముట్టు.

పలకల స్థానంలో రాయి పెడితే రాతిది, ఇనుము పెడితే ఇనుపది. బొమ్మ మారదు. ఒక్కసారి నేర్చుకుంటే వజ్రం దాకా అదే.

రాయి చేత్తో కొడితే ఏమీ రాదు. చెక్క పికాక్స్ ఉంటేనే వస్తుంది.


లెక్కలమాస్టారు
శనివారం, రాత్రి 11:05

దొరగారు బొమ్మ చెప్పారు, నేను ఖర్చు చెబుతాను. కొత్తవాళ్ళు పగలంతా చెట్లు కొడుతూనే ఉంటారు. నిజానికి మొదటి విడతకు మూడు దుంగలు చాలు.

ఒక దుంగకు నాలుగు పలకలు. మూడు దుంగలకు పన్నెండు. టేబుల్‌కు నాలుగు పోతే ఎనిమిది. రెండు పలకలతో నాలుగు కర్రలు, మిగిలినవి ఆరు. చెక్క పికాక్స్ తలకు మూడు, మిగిలినవి మూడు. అందులో రెండింటితో ఇంకో నాలుగు కర్రలు. చివరికి ఒక పలక మిగులుతుంది. కర్రలు మొత్తం ఎనిమిది: చెక్క పికాక్స్‌కు రెండు, రాతి పికాక్స్‌కు రెండు, రాతి గొడ్డలికి రెండు, రాతి కత్తికి ఒకటి. ఇంకా ఒక కర్ర చేతిలోనే ఉంటుంది.

రాళ్ళు ఎన్ని? పికాక్స్‌కు మూడు, గొడ్డలికి మూడు, కత్తికి రెండు, వెరసి ఎనిమిది. ఫర్నేస్‌కు, అంటే కొలిమికి, ఇంకో ఎనిమిది. పదహారు రాళ్ళు తవ్వితే మీరు రాతి యుగం దాటడానికి సిద్ధం.

చెక్కతో గొడ్డలి, కత్తి, షవల్, హో చెయ్యకండి. అవి చేసేలోపు రాయి దొరుకుతుంది. చెక్క పనిముట్టు 59 దెబ్బలకు విరిగిపోతుంది, రాతిది 131, ఇనుపది 250, వజ్రానిది 1561.

వేగం ఎందుకు మారుతుందో కూడా చెబుతాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. ప్రతి దిమ్మెకూ ఒక గట్టిదనం ఉంటుంది. రాయిది 1.5. సరైన పనిముట్టు లేకపోతే దాన్ని ఐదుతో గుణించాలి: 7.5 సెకన్లు. రాత్రిబస్సు గారు 'చాలాసేపు' అన్నది అదే. సరైన పనిముట్టు ఉంటే ఒకటిన్నరతో గుణించి, పనిముట్టు వేగంతో భాగించాలి. చెక్క వేగం 2, రాయి 4, ఇనుము 6, వజ్రం 8. అంటే చెక్క పికాక్స్‌తో సుమారు 1.15 సెకన్లు, రాతి పికాక్స్‌తో 0.6. మొదటి పికాక్స్ ఇచ్చే లాభం ఆరు రెట్లకు పైనే. ఆ తరువాత ఏ పికాక్స్ మార్చినా అంత పెద్ద గెంతు మళ్ళీ రాదు.


జావాభక్తుడు
శనివారం, రాత్రి 11:20

అన్నీ బాగున్నాయి కానీ కత్తి ఎందుకు మాస్టారూ? గొడ్డలి ఉంటే కత్తి దండగ. రాతి కత్తి దెబ్బ 5, రాతి గొడ్డలి దెబ్బ 9. చెట్టూ కొడుతుంది, జాంబీనీ కొడుతుంది. ఒక కర్ర, రెండు రాళ్ళు మిగులుతాయి.


దుంగలదొర
శనివారం, రాత్రి 11:26

అది మీ జావా ఎడిషన్‌లో, అంటే కంప్యూటర్లలో మాత్రమే ఆడే రకంలో. ఆయన ఆడుతున్నది బెడ్‌రాక్. అక్కడ రాతి కత్తి 6, గొడ్డలి 5. పైగా జావాలో గొడ్డలి ఒకసారి విసిరాక మళ్ళీ పూర్తి బలం రావడానికి కాసేపు ఆగాలి, బెడ్‌రాక్‌లో ఆ ఎదురుచూపే లేదు. రాత్రిబస్సు గారూ, కత్తి చేసుకోండి. నెట్‌లో ఏది చదివినా ముందు అది ఏ ఎడిషన్ గురించో చూసుకోండి. ఇక్కడ సగం గొడవలు దీనివల్లే.


పుల్లలమ్మ
ఆదివారం, ఉదయం 7:15

మాస్టారి లెక్క తప్పు పట్టను కానీ, మూడు దుంగలతో బతకడం పరీక్షలో సరిగ్గా 35 మార్కులు తెచ్చుకోవడం లాంటిది. ఒక్క పలక తప్పుగా వాడితే మళ్ళీ చీకట్లో చెట్టు కోసం పరుగెత్తాలి. పది దుంగలు కొట్టండి సార్. చేత్తో కొట్టినా ఒక్కోదానికి మూడు సెకన్లే.

ఆటలో ఒక రోజంటే మన ఇరవై నిమిషాలు. అందులో పూర్తి వెలుతురు పది నిమిషాలు. అది పోకముందు మూడు గొర్రెలు కనిపిస్తే వదలకండి. కింద మూడు పలకలు, వాటి మీద మూడు ఉన్ని దిమ్మెలు పెడితే మంచం. మంచం ఉంటే పడుకోండి, రాత్రి గడిచిపోతుంది. పనిముట్లన్నిటికన్నా గొప్ప పనిముట్టు అదే అంటాను నేను.

గొర్రెలు దొరక్కపోతే సిగ్గుపడకుండా కొండలోకి తవ్వుకుని లోపలికి వెళ్ళి, వెనక మట్టితో మూసేసుకోండి. ఇల్లు కట్టాలని కూర్చోవద్దు. నేను మొదటిరోజు కిటికీలు పెడుతూ కూర్చున్నాను. తలుపు పెట్టే టైముకు క్రీపర్ అనే రాక్షసి ఇంట్లోకి వచ్చి పేలింది. కిటికీలు మాత్రం మిగిలాయి.


వడ్రంగి_మనవడు
ఆదివారం, ఉదయం 9:48

ఆట గురించి కాదు, పేర్ల గురించి ఒక మాట.

మా తాత పనిముట్లకు కామలు వేసేవాడు. గొడ్డలికైనా పారకైనా చేత్తో పట్టుకునే కర్రను కామ అంటారు. ఆటలో 'రెండు కర్రలు' అంటున్నది ఆ కామనే. ఇక్కడ అందరూ పికాక్స్ అంటున్నారు, దానికి తెలంగాణలో గైంతి అని పేరుంది. రెండు వైపులా కొనలు, మధ్యలో కన్నం, కన్నంలో కామ. కొందరు దాన్ని గునపం అని అనువదిస్తున్నారు, అది తప్పు. గునపం నిలువుగా ఉండే ఇనుప కడ్డీ, దానికి కామ ఉండదు.

ఇంకో విషయం. షవల్‌ను పార అంటున్నారు. మన పార ఎలా ఉంటుంది? ఇనుప రేకు కామకు అడ్డంగా, మనవైపు వంగి ఉంటుంది. మట్టిని మనవైపు లాగుతాం. ఆటలో షవల్ రేకు కామతో పాటే నిటారుగా ఉంటుంది, ముందుకు నెట్టాలి. కాబట్టి మన పారకు దగ్గరి చుట్టం షవల్ కాదు, దొరగారు 'కలుపు తీసే పనిముట్టు' అని తేల్చేసిన ఆ హో!

ఒక్కటి మాత్రం మా తాత చూసుంటే నవ్వేవాడు. ఆటలో తుమ్మ చెట్టూ ఉంది, ఇంకా పది రకాల చెట్లూ ఉన్నాయి. ఏ చెట్టు కర్ర పెట్టినా పికాక్స్ 59 దెబ్బలే. ఆయనైతే కామకు తుమ్మ కర్ర కోసం వెతికేవాడు, మెత్తకర్ర ఇస్తే వెనక్కి పంపేవాడు.


దుంగలదొర
ఆదివారం, ఉదయం 10:02

హో విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ నేను గైంతి అని రాస్తే సగంమందికి అర్థం కాదు, పికాక్స్ అని రాస్తే మీరొక్కరే బాధపడతారు. పేర్ల చర్చకు వేరే దారం తెరవండి, నేనూ వస్తాను.


రాత్రిబస్సు
ఆదివారం, సాయంత్రం 6:30

అందరికీ ధన్యవాదాలు. మొదటి రాత్రి దాటాను!

మాస్టారు మూడు అన్నారు, పుల్లలమ్మ గారు పది అన్నారు, నేను ఆరు కొట్టాను. టేబుల్, చెక్క పికాక్స్, ఆ తరువాత పదహారు రాళ్ళు. రాతి పికాక్స్ చేతిలోకి రాగానే నిజంగానే చేతులు తేలికైనట్టు అనిపించింది. గొర్రెలు రెండే దొరికాయి. కొండలో దూరి మట్టితో మూసుకున్నాను. బయట జాంబీ మూలుగు వినిపిస్తూనే ఉంది. లోపల చీకటి. కాగడా చేద్దామంటే బొగ్గు లేదు.

తెల్లారాక అసలు పొరపాటు చేశాను. రాయి తవ్వడం బాగా వచ్చింది కదా అని నిలబడిన చోటే కిందికి తవ్వుకుంటూ పోయాను. ఒక దిమ్మె తీయగానే కాళ్ళ కింద ఏమీ లేదు. కింద గుహ, గుహలో ఎర్రగా ఏదో. అది నిప్పుల మడుగు. రాతి పికాక్స్, కత్తి, ఫర్నేస్ అన్నీ పోయాయి. మా అమ్మాయి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి వాళ్ళమ్మను పిలుచుకొచ్చి తెర చూపించింది.

రెండో రాత్రికి మళ్ళీ చెక్క నుంచి మొదలు. మొదటి రాత్రి లెక్కలోకి వస్తుందా రాదా అన్నదాని మీద ఇంట్లో చర్చలు నడుస్తున్నాయి.

ప్రశ్న: బొగ్గు ఎక్కడ దొరుకుతుంది?


కొత్తగూడెం_బొగ్గు
ఆదివారం, రాత్రి 8:10

బొగ్గు అనే మాట వినబడితే రాకుండా ఎలా ఉంటాను, నా పేరే అది.

మా సింగరేణిలో బొగ్గు కోసం కిందికి దిగుతారు. ఈ ఆటలో కొండెక్కాలి. 2021 చివర్లో వచ్చిన 1.18 వెర్షన్ నుంచి ఎత్తైన చోట్లే బొగ్గు ఎక్కువ. కొండ పక్కన నిలబడి పైకి చూడండి, రాతిలో నల్ల మచ్చలు బయటికే కనిపిస్తాయి. చెక్క పికాక్స్ చాలు. ఒక బొగ్గు కింద ఒక కర్ర పెడితే నాలుగు కాగడాలు. దీనికి టేబుల్ కూడా అక్కర్లేదు, సంచిలో గళ్ళే చాలు.

కొండ దగ్గరలో లేకపోతే రాక్షసి బొగ్గు వదిలేయండి, కట్టెబొగ్గు చేసుకోండి. ఎనిమిది రాళ్ళను మధ్య గడి వదిలి చుట్టూ పేరిస్తే ఫర్నేస్ అని మీకు తెలిసిందే. పైన దుంగలు, కింద పలకలు పెట్టండి. ఒక పలక ఒకటిన్నర వస్తువును కాలుస్తుంది కాబట్టి రెండు పలకలకు మూడు దుంగలు కట్టెబొగ్గవుతాయి. ఒక్కోదానికి పది సెకన్లు. ఆ మూడింటితో పన్నెండు కాగడాలు. మొదటి రాత్రే మీ దగ్గర ఫర్నేస్ ఉందన్నారు, దుంగలూ మిగిలే ఉంటాయి, అంటే చీకట్లో ఊరికే కూర్చున్నారన్నమాట.

ఇక నిలువుగా తవ్వడం. గనిలో పనిచేసేవాళ్ళెవరూ కాళ్ళ కింది నేలను తామే తీసుకోరు. మెట్లు మెట్లుగా దిగండి. ఎదుట ఒక దిమ్మె, దాని కింద ఒకటి, ముందుకు ఒక అడుగు. పైకి రావడానికి కూడా అదే దారి.


నెమలీక_7
ఆదివారం, రాత్రి 9:00

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నేను కూడా కొత్తదాన్నే, మీరు చెప్పినట్టే చేస్తున్నాను కానీ నాకు ఏదీ కుదరడం లేదు. నాలుగు పలకలు పెట్టినా టేబుల్ రావడం లేదు. ఒక్క పలక పెడితేనే నాలుగు కర్రలు వచ్చేస్తున్నాయి, బటన్ రావడం లేదు. పైగా నా సంచిలో మొదటి నుంచీ తొమ్మిది గళ్ళున్నాయి. ఫోను పాడైందా?


దుంగలదొర
ఆదివారం, రాత్రి 9:14

ఫోను బాగానే ఉంది. మీరు డబ్బు కట్టి కొన్నారా, ఉచితంగా దించుకున్నారా? ఉచితమే అయితే, తెర మీద లువాంటి అనో, పాతదైతే మైన్‌టెస్ట్ అనో కనిపిస్తోందా?


నెమలీక_7
ఆదివారం, రాత్రి 9:17

లువాంటి. రెండూ ఒకటి కాదా?


దుంగలదొర
ఆదివారం, రాత్రి 9:31

కాదు, కానీ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు అహోలా 2010లో మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. మొదట మైన్‌టెస్ట్ అనేవారు, 2024లో లువాంటి అని పేరు మార్చారు. అది ఒక ఆట కాదు, ఆటలు నడిపే యంత్రం. మీరు ఆడుతున్నది అందులోని మైన్‌టెస్ట్ గేమ్ అయి ఉంటుంది. అక్కడ తొమ్మిది గళ్ళూ సంచిలోనే ఉంటాయి, టేబుల్ అవసరమే లేదు. ఒక్క పలకకే నాలుగు కర్రలు. పికాక్స్ బొమ్మ మాత్రం అదే: పైన మూడు, కింద రెండు. దుంగకు నాలుగు పలకలన్నదీ అదే.

మైన్‌క్రాఫ్ట్‌లాగే కావాలంటే అందులోనే వాక్సెలిబ్రె అనే ఇంకో ఆట ఉంది. అక్కడ ఈ దారంలోని మాటలు చాలావరకు సరిపోతాయి.


నెమలీక_7
ఆదివారం, రాత్రి 9:35

టేబుల్ కోసం పొద్దుటి నుంచి కొట్టిన చెట్లన్నీ ఒకచోట పెడితే అడవి అవుతుంది. ధన్యవాదాలు దొరగారూ.


రాత్రిబస్సు
సోమవారం, రాత్రి 9:50

రెండో రాత్రి గడిచింది. కాగడాలు చేశాను. మెట్లు మెట్లుగా దిగాను. ఇనుప రాయి దొరికింది, రాతి పికాక్స్‌తో కొడితే ముడి ఇనుము వచ్చింది, ఫర్నేస్‌లో కాల్చాను. ఇప్పుడు చేతిలో సరిగ్గా మూడు ఇనుప కడ్డీలు ఉన్నాయి. వీటితో ఏం చెయ్యాలి? పికాక్స్‌కు మూడు కావాలి, బకెట్‌కూ మూడే కావాలి.

ఇంకో చిన్న విషయం. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని సెట్టింగుల్లోకి వెళ్ళి అటూ ఇటూ నొక్కాను. అక్షరాలు మారలేదు కానీ ఆట కాస్త తేలికగా నడుస్తున్నట్టుంది.


జావాభక్తుడు
సోమవారం, రాత్రి 10:04

పికాక్స్. ఆలోచించే పనే లేదు. ఇనుప పికాక్స్ లేనిదే బంగారం, రెడ్‌స్టోన్, వజ్రం ఏదీ చేతికి రాదు. రాతి పికాక్స్‌తో వజ్రం కొడితే పగిలి మాయమైపోతుంది. ఆ దుఃఖం మీకు వద్దు.


పుల్లలమ్మ
సోమవారం, రాత్రి 10:11

ఆయనకు ఇప్పుడు వజ్రం ఎందుకండీ? కావలసింది మూడో రాత్రి. ఒక ఇనుప కడ్డీ, ఆరు పలకలు పెడితే డాలు వస్తుంది. బెడ్‌రాక్‌లో వంగి నిలబడితే డాలు దానంతట అదే లేస్తుంది, అస్థిపంజరం బాణాలు ఆగిపోతాయి. ఇంకో రెండు కడ్డీలతో ఇనుప కత్తి. మూడు కడ్డీలు, రెండు వస్తువులు, ప్రాణం భద్రం.

ఏం చేసినా బంగారం జోలికి మాత్రం పోవద్దు. మా తమ్ముడు దొరికిన మొదటి బంగారాన్నంతా పికాక్స్ చేశాడు. రాయిని మెరుపులా కోస్తుంది, నిజమే, వజ్రం కన్నా వేగం. కానీ 32 దెబ్బలకే విరిగిపోయింది. దానితో ఇనుప రాయి కొట్టినా ఏమీ రాదు, ఆ విషయంలో చెక్కదీ బంగారందీ ఒకటే హోదా. బంగారం కొంటే దాచుకోవాలి కానీ తవ్వడానికి వాడతారా అని అమ్మ తిట్టింది. అమ్మకు ఆట తెలియదు, మాట మాత్రం కరెక్టు.


లెక్కలమాస్టారు
సోమవారం, రాత్రి 10:30

నేను పుల్లలమ్మ గారి వైపే, చిన్న సవరణతో. రాతి పికాక్స్‌లు పాతవి పారేయకండి. అరిగిపోయినవి రెండు పక్కపక్కన గళ్ళలో పెడితే ఒకటవుతాయి. రెండింటిలో మిగిలిన దెబ్బలు కలిసి, పైన, కొత్త పనిముట్టుకుండే పూర్తి దెబ్బల్లో ఇంకో ఐదు శాతం అదనంగా వస్తుంది. చెరో 20 మిగిలినవి కలిపితే 40 కాదు, 46. రాయికి కొదువ లేదు కాబట్టి దీనివల్ల పెద్ద లాభం లేదు. కానీ ఇనుపవాటికి అలవాటు చేసుకోండి.


కొత్తగూడెం_బొగ్గు
సోమవారం, రాత్రి 10:42

రాగిని అందరూ మరిచిపోయారు. 2025 సెప్టెంబరు నుంచి రాగి పనిముట్లు కూడా వచ్చాయి. అవే బొమ్మలు, 190 దెబ్బలు. రాతి పికాక్స్‌తో రాగి తవ్వవచ్చు, ఒక్క దిమ్మెకే రెండు నుంచి ఐదు ముక్కలు రాలతాయి. వజ్రం తవ్వదు కానీ, ఇనుమంతా డాలుకూ కత్తికీ పోతే పికాక్స్‌ను రాగితో చేసుకోవచ్చు.


రాత్రిబస్సు
మంగళవారం, రాత్రి 9:20

మూడు రాత్రులు పూర్తి!

డాలు, ఇనుప కత్తి చేసుకున్నాను. కత్తి పట్టుకుని రాత్రంతా గుమ్మం ముందు కాపలా కాశాను. ఒక్క జాంబీ రాలేదు. నన్ను చూసి భయపడ్డాయేమో అనుకున్నాను. అందుకే ధైర్యం చేసి చీకట్లోనే బయటికి వెళ్ళి, నది ఒడ్డున ఇసుక తవ్వి, చెట్లు కొట్టి, తిరిగి వచ్చాను. తినడానికి ఏమీ దొరకలేదు, కానీ ఆకలి గుర్తు కూడా తగ్గలేదు. అలవాటు పడితే ఈ ఆట అంత కష్టమేమీ కాదనిపిస్తోంది. ఆ గైంతి బొమ్మ ఇప్పుడు కళ్ళు మూసుకుని వేస్తాను. వడ్రంగి_మనవడు గారూ, మీ మాట నిలబెట్టాను చూడండి.

రేపు అమ్మాయి లోకంలోకి వెళ్తున్నాను.


లెక్కలమాస్టారు
మంగళవారం, రాత్రి 9:34

అభినందనలు. కానీ రాత్రంతా బయట తిరిగితే ఒక్కటీ రాలేదా? పైగా చెట్లు కొట్టినా ఆకలి తగ్గలేదా? లెక్క కుదరడం లేదండీ.


దుంగలదొర
మంగళవారం, రాత్రి 9:41

రాత్రిబస్సు గారూ, నిన్న సెట్టింగుల్లో ఏమేం నొక్కారో గుర్తుందా?


రాత్రిబస్సు
మంగళవారం, రాత్రి 10:05

ఇది మా నాన్న ఖాతా. ఆయన స్నానానికి వెళ్ళారు, నేను రాస్తున్నాను.

దొరగారూ, మీరు కనిపెట్టేశారు. నాన్న నిన్న రాత్రి అక్షరాలు పెద్దవి చేద్దామని వెళ్ళి ఆట కష్టాన్ని 'పీస్‌ఫుల్'కు మార్చేశారు. అందులో జాంబీలు ఉండవు, ఆకలి తగ్గదు, దెబ్బ తగిలినా అదే నయమవుతుంది. నేను నిన్ననే చూశాను. చెప్పలేదు. ఆయన కత్తి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి "రండి చూద్దాం" అంటుంటే చెప్పాలనిపించలేదు. అమ్మ వీడియో కూడా తీసింది.

కాబట్టి మూడో రాత్రి చెల్లదు. మొదటిది కూడా చెల్లదు, ఎందుకంటే తెల్లారిన వెంటనే లావాలో పడ్డారు. రెండోది మాత్రం ఇచ్చేస్తున్నాను.

పుల్లలమ్మ అక్కా, మంచం విషయం మీరు చెప్పింది కరెక్టు. మూడో గొర్రె నా దగ్గర ఉంది కానీ ఇవ్వను.


పుల్లలమ్మ
మంగళవారం, రాత్రి 10:09

మీ నాన్నగారికి ఆ గొర్రె ఇచ్చెయ్యమ్మా.


రాత్రిబస్సు
మంగళవారం, రాత్రి 10:26

పాస్‌వర్డ్ మార్చాను.

రేపు మళ్ళీ చెట్టు దగ్గర నుంచి. మాస్టారూ, మూడు దుంగలకు ఆ ఒక్క పలక ఎక్కడ మిగులుతుందన్నారు?